పళ్ళు అని వెతికితే ఎక్కడికి పంపాలి?

తిరుపతి.

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

తెలుగు వికీపీడియాలో చిత్తూరు మామిడి గురించి రాస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషం. "పళ్ళు" మొదలుకొని బహువచనాలన్నిటికీ వరసగా దారిమార్పు పేజీలు పెట్టేయనా అని అడిగావట. పెట్టు. కానీ ఆ "వరసగా" అన్న మాట నాకు నచ్చలేదు, అందుకే ఈ ఉత్తరం.

దారిమార్పు అంటే లైబ్రరీలో మేము రాసిన "చూడుము" కార్డు లాంటిదే. కలం పేరుతో వెతికే పాఠకుడికి ఆ కార్డులో పుస్తకం వివరాలు దొరకవు, అసలు పేరు కింద చూడమన్న సూచన మాత్రమే దొరుకుతుంది. తేడా ఏమిటంటే, వికీపీడియాలో ఆ కార్డు పాఠకుడి కంట పడదు. "చెట్లు" అని కొడితే నేరుగా "చెట్టు" వ్యాసం తెరుచుకుంటుంది. ఏ పేరు నుంచి వచ్చాడో శీర్షిక కింద చిన్న అక్షరాలతో ఉంటుంది. ఆ పేరు మీద నొక్కితేనే అసలు దారిమార్పు పేజీ కనిపిస్తుంది. సరిదిద్దాలన్నా దాన్ని తెరిచే సులువైన మార్గం అదే.

పేజీ తయారీకి పెద్ద విద్య అక్కర్లేదు. బహువచనం పేరుతో కొత్త పేజీ తెరిచి, మొదటి పంక్తిలో #దారిమార్పు [[చెట్టు]] అని రాసి ప్రచురిస్తే సరి. వీటిని వ్యాసాల లెక్కలో కలపరు. అంకెల కోసం రాసేవాళ్ళు వీటి జోలికి రాకపోవడానికి అదీ ఒక కారణమని నా అనుమానం.

ఇక అసలు చిక్కు. వ్యాసం పేరు ఏకవచనంలో ఉండాలన్న పద్ధతి ఇంగ్లీషు వికీపీడియాలోనూ ఉంది. అక్కడ చాలా మాటలకు చివర ఒక అక్షరం తగిలిస్తే బహువచనం అయిపోతుంది. లింకు బ్రాకెట్లు మూసేశాక ఆ అక్షరం రాసినా అది లింకులో కలిసిపోతుంది. మనకూ ఆ సౌకర్యం ఉంది. [[మేక]]లు, [[ఆవు]]లు అని రాస్తే మాట మొత్తం లింకుగా కనిపిస్తుంది. [[తిరుపతి]]లో, [[చిత్తూరు]]కు అన్నా అంతే. కాబట్టి విభక్తి చేరిన రూపాలకు దారిమార్పులు పెట్టి చోటు నింపకు, "తిరుపతిలో" అనే పేజీ ఎవరికీ అక్కర్లేదు.

కానీ "గది" దగ్గరికి వచ్చేసరికే ఆ ఉపాయం చెల్లదు. బహువచనం గదులు కదా, గదిలు కాదు. చెట్టు చెట్లవుతుంది, పుస్తకం పుస్తకాలవుతుంది, ఊరు ఊళ్ళవుతుంది. మాట మధ్యలోనే మారిపోతే చివర తగిలించి లాభం లేదు. అలాంటి చోట్ల వ్యాసంలో [[చెట్టు|చెట్లు]] అని నిలువు గీత పెట్టి రాయి. అది నీ వాక్యానికి సరిపోతుంది. పెట్టెలో టైపు చేసి వెతికే పాఠకుడికి మాత్రం దారిమార్పే గతి. ఆ ఒక్క కారణం వల్లనే ఈ పని ఇంగ్లీషులో కన్నా తెలుగులో ఎక్కువ అవసరం అంటాను.

అవసరమే గాని, కళ్ళు మూసుకుని చేసేది కాదు. నువ్వు చెప్పిన "పళ్ళు" తీసుకో. మామిడి మీద రాస్తున్నావు కాబట్టి నీకు పళ్ళంటే పండ్లే. పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సినవాడికి? పండుకూ పన్నుకూ బహువచనం ఒకటే. "పండ్లు" అని మార్చినా తప్పించుకోలేవు, మన సీమలో నోట్లో ఉన్నవాటినీ పండ్లనే అంటారు. వేళ్ళు చేతివా, చెట్టువా? బళ్ళు పిల్లలు చదివేవా, ఎడ్లు లాగేవా? ఏళ్ళు అంటే సంవత్సరాలా, స్వర్ణముఖి లాంటి ఏరులా? ఇలాంటి పేరును ఒక వ్యాసానికి అంటగడితే రెండోదాని కోసం వచ్చినవాడిని వీధి చివర వదిలేసినట్టే. అక్కడ దారిమార్పు కాకుండా అయోమయ నివృత్తి పేజీ పెట్టి రెండు దారులూ చూపించు. "వేలు" ఇంకా గడుసుది. చూడటానికి ఏకవచనం, కానీ వేయికి బహువచనం కూడా అదే.

మరోవైపు బహువచనంలోనే ఉండాల్సిన పేర్లున్నాయి. పాలు, వడ్లు వంటివాటిని ఏకవచనంలోకి లాగితే ఎవరూ గుర్తుపట్టరు. "పాలు" ఏకవచనమైతే వాటా అని అర్థం, దాని బహువచనం పాళ్ళు. శేషాచలం కొండలు ఒక శ్రేణి పేరు, వాటిని "కొండ" వ్యాసానికి పంపకూడదు. ఆళ్వార్లు పన్నెండుమంది. వ్యాసం ఆ సమూహం మీద ఉంటే, బహువచనాన్నే శీర్షికగా ఉంచి, "ఆళ్వారు" నుంచి అటు దారిమార్పు పెట్టడమే సబబు. బాణం ఎప్పుడూ బహువచనం నుంచి ఏకవచనానికే ఉండాలన్న నియమం లేదు.

లడ్డు సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే ఈ ఊళ్ళో అందరూ అక్కడే పొరబడతారు. లడ్డు, లడ్డూ, లడ్డూలు, లడ్లు ఇన్ని రూపాలూ వాడుకలో ఉన్నాయి, అన్నిటికీ దారిమార్పులు పెట్టవచ్చు. కానీ అవి సాధారణ "లడ్డు" వ్యాసానికి వెళ్ళాలి. తిరుపతి లడ్డుకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మాట నిజమే, దానికి ప్రత్యేక వ్యాసం ఉండటం న్యాయమే. అంతమాత్రాన లోకంలోని లడ్లన్నీ మన కొండ మీదివి కావు. బందరువాళ్ళు ఊరుకుంటారా?

రాతలో తేడాలనూ మరిచిపోకు. కొందరు ళ కింద ళ వత్తు ఇస్తారు, కొందరు ల వత్తు. కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. "ఊళ్ళు"కు పెడితే "ఊళ్లు"కూ పెట్టాలి, "ఊర్లు"కూ పెట్టాలి. ఏది ఒప్పు అని చర్చాపేజీలో వాదనకు దిగకు. దారిమార్పు ఉన్నదే ఆ వాదన లేకుండా పాఠకుణ్ణి చేర్చడానికి.

పెట్టాక వదిలేయకూడదు. "మామిళ్ళు"ను "మామిడిపండు"కు మళ్ళించావనుకో. రేపు ఎవరో ఆ వ్యాసాన్ని "మామిడి" అనే పేరుకు తరలిస్తే, పాత పేరు కూడా దారిమార్పుగా మారుతుంది. అప్పుడు నీ పాఠకుడు ఒక మలుపు తిరిగి రెండో మలుపు దగ్గర నిలబడిపోతాడు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ ఒక్కసారే దారి మళ్ళిస్తుంది. చుట్టూ తిరిగే వలయాలు ఏర్పడకుండా పెట్టిన కట్టడి అది. ఇలాంటివి "జంట దారిమార్పులు" అనే ప్రత్యేక పేజీలో చేరతాయి. బాట్లు, అంటే తమంతట తామే దిద్దుబాట్లు చేసే ప్రోగ్రాములు, కొన్నిటిని సరిచేస్తాయి, నీ వ్యాసాలవి మాత్రం నువ్వే చూసుకో. ఉన్న దారిమార్పు గమ్యాన్ని మార్చాలనుకుంటే ముందు "ఇక్కడికి లింకున్న పేజీలు" తెరిచి, ఎవరెవరు ఏ అర్థంలో వాడారో చదువు.

ఒక వ్యాసంలోనే దాని బహువచనానికి లింకు ఇవ్వకు. నొక్కినవాడు మళ్ళీ అదే పేజీకి వచ్చి తికమకపడతాడు. అలాగే దారిమార్పు మీదుగా వెళ్ళే పాత లింకులను వెతికి మరీ నేరుగా మార్చే పనిలో పొద్దు పుచ్చకు. అవి చెడిపోలేదు. రేపు ఆ పేరుతో వేరే వ్యాసం వస్తే ఆ లింకులే పనికొస్తాయి.

ముందు "పళ్ళు" పని తేల్చు. నివృత్తి పేజీ పెట్టాక లింకు నాకు పంపు, మామిడి వ్యాసం తర్వాత చదువుతాను.

మీ అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య