1976 నాటి పిన్‌బాల్ మెషిన్ ప్లేఫీల్డ్‌ను రంగు పోకుండా శుభ్రం చేయడం ఎలా?

నమస్కారం. ఒక పాత ఇంటి సామాన్ల అమ్మకంలో 1976 నాటి గాట్లీబ్ కంపెనీ పిన్‌బాల్ మెషిన్ ‘రాయల్ ఫ్లష్’ కొన్నానని, మెషిన్ ఆడుతోంది కానీ బంతి దొర్లే చెక్క పలక, అంటే ప్లేఫీల్డ్, అంతా మసిబారి ఉందని మీరు రాశారు, ఫోటోలూ పంపారు. మరకలు తుడిచే స్పాంజి ‘మ్యాజిక్ ఎరేజర్’ను ఆల్కహాల్‌తో తడిపి రుద్దితే కొత్తదానిలా మెరుస్తుందని ఒక వీడియోలో చూశారట. ఆ తర్వాత కార్లకు వేసే గట్టి పారదర్శక పూత, క్లియర్ కోట్, వేయించాలా అని కూడా అడిగారు. నా జవాబు రెండింటికీ ఒకటే: వద్దు. ఎందుకు వద్దో, బదులుగా ఏం చేయాలో వివరంగా చెబుతాను.

నేను షికాగో దగ్గర ఉంటాను. గాట్లీబ్, బాలీ, విలియమ్స్ కంపెనీలు మూడూ ఇక్కడివే. ఫ్లిప్పర్లతో (బంతిని తిరిగి పైకి కొట్టే చిన్న చేతులతో) వచ్చిన మొదటి పిన్‌బాల్ ‘హంప్టీ డంప్టీ’ని గాట్లీబ్ 1947లో ఇక్కడే తయారుచేసింది. అందుకేనేమో, ఈ చుట్టుపక్కల బేస్‌మెంట్లలో, గరాజ్‌లలో పాత మెషిన్లు ఇంకా బయటపడుతూ ఉంటాయి. నా దగ్గరున్నది కూడా గాట్లీబ్ వారి 1970ల నాటి మెషిన్. స్నేహితుల మెషిన్లు కూడా కొన్ని శుభ్రం చేశాను.

ముందుగా మీ చేతికింద ఉన్నదేమిటో తెలియాలి. అడుగున మేపుల్ ప్లైవుడ్, దానిమీద స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కొక్క రంగుగా అద్దిన బొమ్మ, ఆపైన పలుచని లక్కర్ పూత. అంతే. 1990 ప్రాంతం నుంచి వచ్చిన మెషిన్లకు ఉండే గట్టి, మందమైన పూత మీ మెషిన్‌కు లేదు. ఆన్‌లైన్‌లో కనిపించే సలహాల్లో చాలావరకు ఆ కొత్త తరం ప్లేఫీల్డ్‌లను దృష్టిలో పెట్టుకుని చెప్పినవే. మ్యాజిక్ ఎరేజర్ మెత్తగా కనిపించినా అది మెలమైన్ ఫోమ్. అతి సన్నని గరుకు కాగితం చేసే పనే చేస్తుంది. ఆల్కహాల్ తోడైతే పాత లక్కర్ మెత్తబడి ఇంకా త్వరగా అరిగిపోతుంది. మొదట మురికి వస్తుంది, తర్వాత పూత వస్తుంది, ఆ తర్వాత రంగు వస్తుంది. ఈ మూడింటి మధ్య తేడా చేతికి తెలియదు. అలా రుద్దిన ఒక ప్లేఫీల్డ్‌ను నేను దగ్గరగా చూశాను. ఫ్లిప్పర్ల పైన ఎర్ర రంగు గులాబీ అయిపోయింది, నల్లని గీతలు అక్కడక్కడా తెగిపోయాయి, తెల్లని చోట్ల చెక్క కనిపిస్తోంది. చాలా బాధ కలిగింది. ఆ యజమాని మెషిన్‌పై ప్రేమతోనే ఆ పని చేశాడు.

నీళ్లు కూడా వాడకండి, సబ్బు నీళ్లైనా సరే. ఇన్నేళ్ల పాత లక్కర్‌లో చెక్క గీతల వెంట సన్నని పగుళ్లు ఉంటాయి. వాటిలోంచి తేమ దిగితే చెక్క ఉబ్బుతుంది, అంచుల దగ్గర రంగు పెచ్చులుగా లేస్తుంది. వంటగదిలో వాడే స్ప్రేలు, ఫర్నిచర్‌కు కొట్టే పాలిష్ స్ప్రేలు కూడా ఇంట్లోనే ఉంచేయండి.

పని మొదలుపెట్టే ముందు ప్లగ్ తీసేయండి. స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు, లోపల 120 వోల్టుల తీగలు చేతికి అందేంత దగ్గరలో ఉంటాయి. పైన ఉన్న అద్దం టెంపర్డ్ గ్లాసు. దాని అంచు గరాజ్ సిమెంటు నేలకు తగిలితే ఒక్కసారిగా పొడిపొడి అయిపోతుంది. తీసి కార్పెట్ మీదో మడిచిన దుప్పటి మీదో నిలబెట్టండి. ప్లేఫీల్డ్‌ను పైకెత్తే ముందు బంతిని బయటికి తీయండి. ఆపైన ఫోటోలు. ప్రతి రబ్బరు రింగు, ప్రతి ప్లాస్టిక్, ప్రతి స్తంభం ఎక్కడుందో నాలుగు వైపుల నుంచీ తీసుకోండి. ఊడదీసిన స్క్రూలను ఏ భాగానివి ఆ భాగానికి వేరుగా, పేరు రాసిన చిన్న కవర్లలో వేసుకుంటే తిరిగి బిగించేటప్పుడు ప్రాణానికి హాయిగా ఉంటుంది.

ఇప్పుడు మెత్తని బ్రష్షుతో ధూళిని లేపుతూ వాక్యూమ్ క్లీనర్‌తో పీల్చండి. పొడి ధూళి పోకముందే గుడ్డతో రుద్దితే ఆ ధూళే గీతలు పెడుతుంది. ఆ నల్లని మసి చాలావరకు గాలిలోంచి వచ్చినది కాదు. కాయిల్స్‌లో (కరెంటుతో అయస్కాంతమయ్యే తీగ చుట్టల్లో) ఆడే ఇనుప కడ్డీలు, ప్లంజర్లు, అరిగి రాలిన పొడి, పాతబడిన రబ్బరు పొడి కలిసి బంతి కింద నలిగి పూతలోకి దిగినదే.

అసలు శుభ్రానికి నాకు నమ్మకమైనది నాఫ్తా అనే పెట్రోలియం ద్రావకం. హార్డ్‌వేర్ దుకాణాల్లో డబ్బాలలో దొరుకుతుంది, సిగరెట్ లైటర్లలో పోసే ద్రవం కూడా దాదాపు అదే. అది పాత మైనాన్ని, జిడ్డును, జిగురును కరిగిస్తుంది; లక్కర్ జోలికి, దాని కింది రంగు జోలికి సాధారణంగా పోదు. సాధారణంగా అన్నాను కాబట్టి ముందు పరీక్షించి చూడండి. ఫ్లిప్పర్ల కింద, సూచనల కార్డులు పెట్టే లోహపు రేకు ఉంటుంది కదా, దాన్ని తీస్తే బంతి ఎన్నడూ తగలని చోటు కనిపిస్తుంది. అక్కడ ఒక దూదిపుల్లను నాఫ్తాలో ముంచి ప్రతి రంగు మీదా మెల్లగా తిప్పండి. దూది బూడిద రంగుకో గోధుమ రంగుకో మారితే అది మురికి. ఎరుపు, నీలం, పసుపు ఏదైనా దూదికి అంటితే ఆ రంగు ఉన్న చోట ఆగిపోండి, ప్లేఫీల్డ్‌లో మరెక్కడా దాన్ని తడి గుడ్డతో తాకకండి.

నాఫ్తా త్వరగా మండుతుంది. గరాజ్ తలుపు పూర్తిగా తెరవండి, దగ్గరలో గ్యాస్ హీటర్ మంట ఉంటే అక్కడ అసలు పని పెట్టుకోకండి. చేతులకు నైట్రైల్ తొడుగులు వేసుకోండి. వాడిన గుడ్డలను ముద్దగా చెత్తబుట్టలో పడేయకుండా ఆరుబయట పరిచి ఆరనివ్వండి. ఇంకో మాట, పాత మెషిన్లలో రిలేల (కరెంటుతో పనిచేసే స్విచ్‌ల) కాంటాక్టుల దగ్గర మెషిన్ నడుస్తున్నంతసేపూ చిన్న చిన్న నిప్పురవ్వలు పుడుతూనే ఉంటాయి. వాసన పూర్తిగా పోయే వరకు ప్లగ్ పెట్టకండి, ఆ రాత్రికి అలా వదిలేయండి.

మైక్రోఫైబర్ గుడ్డను కొద్దిగా తడిపి, అరచేయంత చోటును ఒకసారికి తీసుకుని, గుడ్డ మడత మారుస్తూ తుడవండి. ఎక్కడ ఆపాలన్నదే ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యం. ప్లేఫీల్డ్ తెల్లబడే దాకా కాదు, గుడ్డ శుభ్రంగా వచ్చే దాకా. పాత లక్కర్ వయసుతో పాటు పసుపెక్కుతుంది. ఆ పసుపు మురికి కాదు, ఎంత తుడిచినా పోదు. దాన్ని పోగొట్టాలని చూసిన ప్రతిచోటా పూత పోతుంది.

నాఫ్తా తర్వాత కూడా డ్రాప్ టార్గెట్ల (బంతి తగిలితే కిందికి దిగే పలకల) ముందు, బంతిని ఎగదన్నే బంపర్ల చుట్టూ సన్నని నల్లని వంపు గీతలు మిగిలి కనిపిస్తాయి. భూతద్దంతో చూడండి: వేగంగా గిరగిరా తిరిగే బంతి లక్కర్‌ను కోసిన కోతలవి, వాటిలో ఆ ఇనుప పొడి ఇరుక్కుని ఉంటుంది. పూత పగలకుండా నున్నగా ఉన్న చోట నోవస్ 2 అనే ప్లాస్టిక్ పాలిష్‌ను బఠాణీ గింజంత గుడ్డకు పెట్టి తేలికగా రుద్దితే వీటిలో కొన్ని తగ్గుతాయి. నోవస్ 3 మాత్రం వద్దు, అది లోతైన గీతలు పోగొట్టేంత గరుకైనది. పగుళ్లున్న చోట నోవస్ 2 కూడా పెట్టకండి. ఎండాక ఆ తెల్లని పొడి పగుళ్లలో చిక్కుకుని, నల్లని గీతకు బదులు తెల్లని గీత మిగులుతుంది. లోతుగా దిగిన గీతలను అలాగే ఉండనివ్వమనే నా సలహా. ఆడేటప్పుడు దీపాల వెలుగులో అవి కంటికి కనిపించవు. యాభై ఏళ్లపాటు జనం ఆడిన మెషిన్ అది, ఆ గుర్తులు దానికి సహజం.

చెక్క బయటపడిన చోట్లుంటే క్రమం మారుతుంది. అక్కడ పాలిష్ గానీ మైనం గానీ ముందే తగిలితే తర్వాత రంగు నిలవదు. నాఫ్తాతో తుడిచి, ఆరాక, కుంచెతో యాక్రిలిక్ రంగు అద్ది, దానిమీద పలుచగా పారదర్శకమైన పూత వేసి, అది గట్టిపడ్డాకే మిగతా పని. రంగు అద్దడం మీద నమ్మకం లేకపోతే ఆ చెక్క మీద పూత ఒక్కటే వేసి ఊరుకున్నా మంచిదే. అరుగుదల అక్కడితో ఆగుతుంది.

ఆఖరున మైనం. డబ్బాలో గట్టిగా ఉండే కార్నౌబా మైనం తీసుకోండి. కార్ల దుకాణంలో ‘క్లీనర్ వ్యాక్స్’ అని ఉన్నవాటిలో గరుకు పొడి కలుస్తుంది, అది మనకు పనికిరాదు. పలుచగా రాసి, మసకబారాక శుభ్రమైన గుడ్డతో మెరిసేలా తుడవండి; మరో పూత వేయండి. పగుళ్లలో మైనం కూరుకోకుండా చూసుకోండి. దీనివల్ల బంతి పూతను రాపాడకుండా జారుతుంది. ఆట వేగం పెరగడం మీకు మొదటి బంతికే తెలుస్తుంది. ఇంట్లో ఆడుకునేదైతే కొన్ని నెలలకోసారి పొడి గుడ్డతో తుడిచి మళ్లీ మైనం వేస్తే సరిపోతుంది.

ఇంత చేసినా పాత బంతినే వేస్తే శ్రమంతా వృథా. వెలుతురులో తిప్పి చూడండి, గోటితో తడమండి. చిన్న గుంట తగిలినా, తుప్పు చుక్క కనిపించినా తీసి పారేయండి. 27 మిల్లీమీటర్ల వ్యాసం, సుమారు 80 గ్రాముల బరువున్న ఉక్కు బంతి అది. గుంటలు పడ్డ బంతి ప్రతి ఆటలోనూ ప్లేఫీల్డ్‌ను గీస్తూనే ఉంటుంది. మీ మెషిన్‌కు కావలసింది ఒక్క బంతే, కొత్తది కొన్ని డాలర్లకు వస్తుంది. రబ్బరు రింగులన్నీ మార్చండి, తెల్లవే తీసుకోండి. నల్ల రబ్బరు ఎక్కువ పొడి రాలుస్తుంది. బల్బులు 44 నంబరువి ఉంటే 47 నంబరువి పెట్టండి. 6.3 వోల్టుల దగ్గర 44 బల్బు 250 మిల్లీఆంపియర్లు తీసుకుంటే 47 బల్బు 150 మాత్రమే తీసుకుంటుంది. ఆ మేరకు పైనున్న ప్లాస్టిక్ ఇన్సర్ట్‌లకు (వెలుగు పైకి కనిపించేలా ప్లేఫీల్డ్‌లో బిగించిన ముక్కలకు), వాటి చుట్టూ ఉన్న రంగుకు వేడి తగ్గుతుంది. ఇన్సర్ట్‌ల అంచుల్లో కనిపించే పగుళ్లకు ఏళ్ల తరబడి తగిలిన ఆ వేడి కూడా ఒక కారణం.

క్లియర్ కోట్ గురించి. అది వేయాలంటే ప్లేఫీల్డ్ పైనున్నవే కాదు, అడుగున టంకం వేసిన తీగలు, కాయిల్స్, రిలేలతో సహా అన్నీ విప్పాలి. పాత లక్కర్ మీద కొత్త పూత ముడతలు పడే ప్రమాదముంది. రెండు ద్రవాలు కలిపి వేసే ఆ పూతలో ఐసోసయనేట్లు అనే హానికర రసాయనాలు ఉంటాయి, మామూలు మాస్కు ఊపిరితిత్తులను కాపాడలేదు. అన్నిటికీ మించి, వేశాక వెనక్కి తీసుకోలేని పని. రంగు సగానికి పైగా పోయిన ప్లేఫీల్డ్‌కైతే, అనుభవమున్నవారి చేత చేయిస్తే అర్థముంది. మీ ఫోటోల్లో రంగు చాలావరకు నిలిచే ఉంది. జిగురుతో అంటించే పలుచని ప్లాస్టిక్ పొర, మైలార్ షీటు, కూడా వద్దు. ఎప్పుడైనా తీయాల్సి వస్తే లక్కర్‌ను, రంగును తనతో పాటు లేపుకొస్తుంది. పిల్లలు రోజూ ఆడతారని భయముంటే, జిగురు లేకుండా పైన పరిచే పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్లు మెషిన్‌కు తగ్గట్టు కోసి అమ్ముతారు, మీ మెషిన్‌కు ఉందేమో అడిగి చూడండి. నచ్చకపోతే తీసేయవచ్చు. బంతి శబ్దం కొంచెం మారుతుంది కాబట్టి నేను వేయలేదు.

మెషిన్‌ను గరాజ్‌లో ఉంచకండి. ఇక్కడి శీతకాలపు గడ్డకట్టే చలి, వేసవి ఉక్క మారిమారి తగిలితే చెక్క కుంచించుకుని, ఉబ్బి, లక్కర్ చిట్లుతుంది. బేస్‌మెంట్ అయితే తేమ తీసే యంత్రం పెట్టండి, కిటికీ ఎండ నేరుగా పడనివ్వకండి. ఇదే ఊపులో నిలువు పెట్టెలో ఉండే బొమ్మల అద్దాన్ని కూడా తుడుద్దామనిపిస్తుంది. దాని ముందువైపు మాత్రమే తుడవండి. బొమ్మ ఉన్నది వెనకవైపు, రంగు నేరుగా అద్దం మీదే ఉంటుంది, పొడి గుడ్డ తగిలినా పొలుసులుగా రాలిపోవచ్చు.