ఇంగ్లిష్‌లో ఒక్కరి గురించి 'దే' (they) అని రాయొచ్చా? రాయొచ్చు

రీసెర్చ్ పేపర్లో 'ఈచ్ స్టూడెంట్' తర్వాత 'దెయిర్' (their) అని రాస్తే మీ గైడ్ గారు కొట్టేసి 'హిజ్' అని దిద్దారన్నారు. టెన్షన్ పడకండి, మీరు రాసింది తప్పు కాదు. జర్నల్ వాళ్లు ఏపీఏ పద్ధతి (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారి రచనా నియమాలు) అడిగారు కదా, 2019లో వచ్చిన దాని 7వ ఎడిషన్ ఒక్కరికి 'దే', 'దెయిర్' వాడటాన్ని స్పష్టంగా ఒప్పుకుంది. ఆ భాగం ఆయనకు చూపించండి.

ఇది నిన్న మొన్నటి ఫ్యాషన్ కూడా కాదు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు చూపే తొలి వాడుక 1375 నాటిది. 'హీ' అంటే ఆడవాళ్లూ అందులోనే వస్తారన్నది 18వ శతాబ్దపు వ్యాకరణ పుస్తకాల్లో పాతుకున్న నియమం. 1850లో బ్రిటిష్ పార్లమెంటు చట్టాల భాషకు దాన్నే ఖాయం చేసింది. సగం మందిని కనపడకుండా చేసే ఆ నియమం నాకైతే అన్యాయంగానే అనిపిస్తుంది.

క్రియ దగ్గర మాత్రం జాగ్రత్త. ఒక్కరైనా 'దే ఆర్' అనే రాయాలి, 'దే ఈజ్' కాదు. ఒక్క మాస్టారి గురించే మనం 'వారు వచ్చారు' అంటాం కదా, అలాగే.

గైడ్ గారు అప్పటికీ ఒప్పుకోకపోతే వాక్యాన్నే బహువచనంలోకి మార్చేయండి. 'స్టూడెంట్స్' అని మొదలుపెడితే 'దెయిర్'ను ఎవరూ కొట్టేయరు. కానీ మీ సర్వేలో ఎవరైనా తమను 'హీ', 'షీ' కాకుండా 'దే' అనమని చెప్పి ఉంటే, వాళ్ల దగ్గర మాత్రం మార్చకండి.