రామేశ్వరంలో బస: గుడి దగ్గర లాడ్జా, ఊరి బయట రిసార్టా?

ప్రశ్న: మాది ఖమ్మం. ప్రైవేటు ఉద్యోగం, చేతికి నెలకు 52,000 వస్తుంది. ఫిబ్రవరిలో అమ్మానాన్నలు, నా భార్య, ఇద్దరు పిల్లలు, నేను కలిసి ఆరుగురం మధురై, రామేశ్వరం వెళ్లి రావాలనుకుంటున్నాం. మధురైలో ఒక రాత్రి, రామేశ్వరంలో రెండు రాత్రులు. మొత్తం ఖర్చుకు 45,000 పక్కన పెట్టాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు. రామేశ్వరంలో గుడి దగ్గర లాడ్జిలో గదికి 2,200 చెబుతున్నారు. ఊరికి ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉన్న రిసార్టులో టిఫిన్‌తో కలిపి 3,800. స్విమ్మింగ్ పూల్ ఉందని పిల్లలు రిసార్టే కావాలంటున్నారు. మా బావమరిది మూడు రాత్రులూ మధురైలోనే ఉండి, కారు మాట్లాడుకుని రామేశ్వరం చూసి రమ్మంటున్నాడు. 2.5 లక్షలు పెట్టి హాలిడే మెంబర్‌షిప్ తీసుకుంటే ఏటా ఏడు రాత్రులు ఉచితమని, క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టుకోవచ్చని కూడా చెబుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: గుడి దగ్గర లాడ్జి తీసుకోండి. మెంబర్‌షిప్ జోలికి వెళ్లకండి. ఎందుకో చెబుతాను.

మీరు 2,200ను 3,800తో పోల్చి చూస్తున్నారు. గదికి 1,600 తేడా, పైగా టిఫిన్ వాళ్లే పెడతారు కాబట్టి పెద్ద భారం కాదనిపిస్తుంది. కానీ ఆరుగురికి రెండు గదులు కావాలి. రెండు రాత్రులకు రిసార్టు అద్దె 15,200. దాని మీద 5 శాతం జీఎస్టీ 760. ఇక ఆటోలు. వెళ్లిన రోజు సాయంత్రం, మర్నాడు పొద్దున, సాయంత్రం, చివరి రోజు పొద్దున గుడికి వెళ్లి వస్తే ఎనిమిది ట్రిప్పులు. ఆరుగురు ఒక ఆటోలో పట్టరు, రెండు కావాలి. ట్రిప్పుకు 200 చొప్పున వేసుకున్నా 3,200 అవుతుంది. టిఫిన్ల మీద మిగిలేది ఓ 1,200 తీసేస్తే రిసార్టు బస 17,960కి తేలుతుంది.

లాడ్జికైతే రెండు గదులు, రెండు రాత్రులు, జీఎస్టీతో కలిపి 9,240. చివరి రోజు సాయంత్రం రైలు వరకు అమ్మగారూ నాన్నగారూ నడుం వాల్చడానికి ఒక గదిని అరపూట ఎక్కువ ఉంచుకున్నా ఇంకో 1,155. మొత్తం 10,395. అంటే తేడా ఏడున్నర వేలు. మధురైలో గదికి 2,500 చొప్పున ఒక రాత్రికి 5,250 అనుకుంటే, లాడ్జి దారిలో బసకు మీ 45,000లో మూడో వంతు పోతుంది. రిసార్టు దారిలో సగం పైన పోతుంది. సీనియర్ సిటిజన్లకు రైలు టికెట్టు రాయితీ 2020 మార్చి నుంచి లేదు. చెన్నై మీదుగా ఆరుగురికి రానూపోనూ థర్డ్ ఏసీ వేసుకుంటే మిగిలిన డబ్బులో అధిక భాగం దానికే అయిపోతుంది. కాబట్టి ఈ ఏడున్నర వేలు మీకు చిన్న మొత్తం కాదు.

డబ్బు సంగతి అలా ఉంచి, రామేశ్వరంలో పొద్దున ఎలా గడుస్తుందో ఒకసారి ఊహించుకోండి. స్ఫటిక లింగ దర్శనం తెల్లవారుజామునే ఉంటుంది. ఆ తర్వాత అగ్నితీర్థంలో సముద్రస్నానం, అక్కడి నుంచి తడిబట్టలతోనే గుడిలోకి వెళ్లి 22 తీర్థాల దగ్గర వరసగా నిలబడితే బావుల్లోంచి బకెట్లతో తోడి నెత్తిన పోస్తారు. అది పూర్తయ్యాక బట్టలు మార్చుకుంటేనే స్వామి దర్శనం. తడిబట్టలతో గర్భాలయం వైపు వెళ్లనివ్వరు. గది పక్క వీధిలో ఉంటే అమ్మగారు వెళ్లి ఆరిన చీర కట్టుకుని, ఓ పది నిమిషాలు కూర్చుని రావచ్చు. ఐదారు కిలోమీటర్ల అవతల ఉంటే పొడిబట్టల సంచి మోసుకుంటూ, దాన్ని కాపలా కాయడానికి ఒకరిని నిలబెట్టాలి. ఫోన్లు కూడా లోపలికి తీసుకెళ్లనివ్వరు, గది దగ్గరైతే అక్కడే వదిలేసి రావచ్చు. ఆ గుడి ప్రాకారాల్లో నడకే చాలా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఓపికను గుడి బయటే ఖర్చు చేయించకండి.

మీ అమ్మానాన్నలు రాకుండా, పిల్లలతో రెండు రోజులు హాయిగా పడి ఉండటానికే వెళ్తుంటే నేనే రిసార్టు తీసుకోమనేవాణ్ణి. ఈసారి వెళ్తున్నది ప్రధానంగా పెద్దవాళ్ల కోసం. పిల్లల కోసం మిగిలిన డబ్బులో ఒక వ్యాను మాట్లాడుకుని ధనుష్కోటికి తీసుకెళ్లండి. 1964 తుపాను తర్వాత మిగిలిన చర్చి గోడలు, రైల్వే స్టేషన్ శిథిలాలు చూపించండి. అటూ ఇటూ సముద్రం, మధ్యలో రోడ్డు, పిల్లలకు బాగా నచ్చుతుంది. చివర అరిచల్ మునై దగ్గర మాత్రం ఎవరినీ నీళ్లలోకి దిగనివ్వకండి, అక్కడి అలలు, ప్రవాహాలు ప్రమాదకరం.

మీ బావమరిది గారు చెప్పిన మధురై పద్ధతి వినడానికి బాగుంటుంది, సామాను సర్దుకునే పని ఉండదు. కానీ మధురై నుంచి రామేశ్వరం 170 కిలోమీటర్ల పైనే. రానూపోనూ 340. ఆరుగురు పట్టే బండికి కిలోమీటరుకు 20 వేసుకున్నా 6,800, డ్రైవర్ బత్తా, టోల్ అదనం. పొద్దున స్నానాల వేళకు చేరాలంటే అర్ధరాత్రి దాటగానే బయల్దేరాలి. రోజులో ఏడు గంటలు పెద్దవాళ్లు కారులోనే కూర్చోవాలి. పనికిరాదు.

ఇక గదులు మాట్లాడుకునేటప్పుడు చాలామంది అడగని విషయం ఒకటుంది: చెక్ అవుట్ 24 గంటల లెక్కా, మధ్యాహ్నం 12 గంటల లెక్కా? చెన్నై నుంచి రాత్రి రైలెక్కితే మధురైలో తెల్లవారుజామున దిగుతారు. 12 గంటల లెక్కున్న హోటల్లో ఆ వేళకు గది ఇవ్వాలంటే చాలాచోట్ల ముందు రోజు అద్దె కూడా వేస్తారు. మీరు పడుకోని రాత్రికి 5,000 కట్టినట్టవుతుంది. 24 గంటల లెక్కున్న లాడ్జిలో ఆరింటికి దిగితే మర్నాడు ఆరింటి వరకు మీదే, లేచి ఉదయం రామేశ్వరం రైలెక్కేయొచ్చు. మధురై స్టేషన్‌కూ మీనాక్షి అమ్మవారి గుడికీ మధ్య పశ్చిమ పెరుమాళ్ మేస్త్రి వీధిలో హోటళ్లు, లాడ్జీలు వరసగా ఉంటాయి. అక్కడ దిగితే స్టేషనూ దగ్గరే, గుడీ దగ్గరే. గుడి మధ్యాహ్నం మూసి మళ్లీ సాయంత్రం నాలుగింటికి తీస్తారు, ఆ వేళలో గదికి వచ్చి పడుకోవచ్చు.

యాప్‌లో రేటు చూసుకుని, లాడ్జికి నేరుగా ఫోన్ చేసి ఇంకోసారి అడగండి. రామేశ్వరంలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలాచోట్ల దొరుకుతారు. లిఫ్ట్ ఉందా, లేకపోతే కింది అంతస్తులో గది ఇస్తారా, వెస్టర్న్ టాయిలెట్ ఉందా, వేడినీళ్లు తెల్లవారుజామున నాలుగింటికి వస్తాయా, అదనపు పరుపుకు ఎంత? ఇవన్నీ అప్పుడే తేల్చుకోండి. వేడినీళ్ల సంగతి మాత్రం తప్పకుండా అడగండి, కొన్నిచోట్ల ఆరు దాటితే గానీ రావు. దేవస్థానం గదులు, తమిళనాడు పర్యాటక సంస్థ వాళ్ల హోటల్, తెలుగువాళ్ల సత్రాలు కూడా అక్కడున్నాయి. దొరికితే ఇంకా కలిసొస్తుంది. బిల్లులో జీఎస్టీ 12 శాతం వేస్తే ఒప్పుకోకండి. రోజుకు 7,500 వరకు ఉన్న గదులకు 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతమే.

ముందు రైలు టికెట్లు, తర్వాతే గదులు. రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తారు. ఆ రోజు పొద్దున్నే కూర్చుని చేయండి, పెద్దవాళ్లిద్దరికీ లోయర్ బెర్త్ కోటాలో ప్రయత్నించండి. టికెట్లు కన్ఫర్మ్ అయ్యేదాకా, రద్దు చేస్తే డబ్బు వెనక్కి రాని గది బుక్ చేయకండి. మూడు నాలుగొందలు తక్కువని అలాంటి ఆఫర్ తీసుకుంటే, వెయిటింగ్ లిస్ట్ తేలని రోజున మొత్తం అద్దె పోతుంది. తేదీలు ఎంచుకునేటప్పుడు తై అమావాస్య (తమిళుల తై నెలలో వచ్చే అమావాస్య), మహాశివరాత్రి ఎప్పుడొచ్చాయో క్యాలెండర్‌లో చూసుకోండి. ఆ రోజుల్లో రామేశ్వరంలో జనం కిక్కిరిసి ఉంటారు, 2,200 గది అదే రేటుకు దొరకదు.

చివరగా మెంబర్‌షిప్. 2.5 లక్షలు మీ దగ్గర ఉండి బ్యాంకు డిపాజిట్‌లో 6.5 శాతానికి వేస్తే ఏటా 16,250 వడ్డీ వస్తుంది. ఇప్పుడు మీరు చూస్తున్న లాడ్జి గది జీఎస్టీతో 2,310. అంటే ఆ వడ్డీతోనే ఏటా ఏడు రాత్రుల అద్దె కట్టేయొచ్చు, అసలు మీదగ్గరే ఉంటుంది. మెంబర్‌షిప్‌లో అసలు పోతుంది, ఏటా మెయింటెనెన్స్ ఫీజు వేరే కట్టాలి, మీకు సెలవు దొరికిన వారంలో గది ఖాళీ ఉండాలి, వాళ్ల రిసార్టులున్న ఊరికే వెళ్లాలి. అదే కార్డు మీద ఏటా 15 శాతం వడ్డీకి 36 నెలల ఈఎంఐ పెట్టుకుంటే నెలకు 8,670 దాకా కట్టాలి, మొత్తం 3.12 లక్షలు అవుతుంది. మీ జీతంలో ఆరో వంతు మూడేళ్లపాటు దానికే. బావమరిది గారు మీ మంచి కోరే చెప్పి ఉంటారు. ఈ లెక్క ఒక కాగితం మీద వేసి ఆయనకూ చూపించండి, ఆయన ఇంకా సంతకం పెట్టి ఉండకపోతే ఆయనకూ పనికొస్తుంది.