మిర్చికి ఇన్‌ఫ్రారెడ్ పరీక్ష: ఎంతవరకు నమ్మాలి?

సందేహం: తేజ రకం మిర్చి 40 టిక్కీలు (బస్తాలు) ఉన్నాయి. ఎగుమతి వ్యాపారి ఒక్క టిక్కీలోంచి గుప్పెడు కాయలు తీసి, పొడి చేయించి, చిన్న ఇన్‌ఫ్రారెడ్ మిషన్‌లో చూసి ‘బూజు విషం ఉంది’ అని రేటు తగ్గించాడు. కాయ పైకి ఎర్రగా బాగానే ఉంది. ఆ మిషన్‌ను నమ్మొచ్చా?
– ఒక రైతు, సత్తెనపల్లి

సమాధానం: ముందు నాలుగైదు కాయలు నిలువునా చీల్చి చూడండి. పైకి నిగనిగలాడే కాయలోనూ గింజల చుట్టూ పసుపుపచ్చ, ఆకుపచ్చ బూజు ఉండొచ్చు. ఆస్పర్జిల్లస్ అనే ఆ బూజు వదిలే విషమే అఫ్లాటాక్సిన్.

ఇక మిషన్ సంగతి. అది పొడి మీద ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేసి, ఎంత పీల్చుకుందో కొలుస్తుంది. తేమ, నూనె, మాంసకృత్తులు ఒక్కోటి ఒక్కో తరంగదైర్ఘ్యం (కాంతి అల పొడవు) దగ్గర కాంతిని పీలుస్తాయి. నీళ్లయితే 1450, 1940 నానోమీటర్ల దగ్గర. విషం మాత్రం దానికి నేరుగా దొరకదు. యూరప్‌లో ఎండుమిర్చికి మొత్తం అఫ్లాటాక్సిన్ల పరిమితి కిలోకి 10 మైక్రోగ్రాములు, అంటే 100 టన్నుల కాయలో ఒక్క గ్రాము! బూజు తిన్న కాయలో నూనె, మాంసకృత్తులు మారతాయి కాబట్టి, ఆ మార్పును బట్టి మిషన్ అంచనా కడుతుంది. అదైనా, ల్యాబ్‌లో విషం కొలిచిన మిర్చి శాంపిళ్లతో దానికి ముందే నేర్పి ఉంటేనే. వేరుశనగకు నేర్పింది మిర్చికి పనికిరాదు. తేమ కాయ, తాలు కాయ (రంగు పోయి తెల్లబారినది) పడినా లెక్క తప్పొచ్చు.

అనుమానం ఉన్న సరుకును పక్కన పెట్టడానికి మిషన్ మంచిదే. దాని మాట ఒక్కటే పట్టుకుని రేటు కోయడం నాకైతే సబబుగా అనిపించదు. పైగా విషం సరుకంతా సమానంగా ఉండదు, కొద్ది కాయల్లోనే పోగుపడి ఉంటుంది. గుప్పెడు కాయల్లో దొరికినా, దొరక్కపోయినా 40 టిక్కీల సంగతి తేలదు. వీలైనన్ని టిక్కీల్లో పైనా, మధ్యా, అడుగునా కాయలు తీసి, అన్నీ కలిపి పొడి చేయించి, అందులోంచి శాంపిల్ కట్టండి. స్పైసెస్ బోర్డుకు గుంటూరులో ల్యాబ్ ఉంది. విషాన్ని విడదీసి నేరుగా కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష అడగండి, ఆ రిపోర్టుతో బేరమాడండి.

టిక్కీ తొక్కేముందు కాయ విరగకుండా నీళ్లు చిలకరించారా? చాలా చోట్ల బూజు అక్కడే మొదలవుతుంది. తేమ 10–11 శాతానికి మించకూడదు. ఇప్పుడు మళ్లీ ఎండబెడితే బూజు ఆగుతుంది గానీ, పుట్టిన విషం పోదు. బూజు కాయలు, తాలు కాయలు ఏరేయండి. ఏరినవి పశువుల దాణాలో కలపకండి, విషం పాలలోకి దిగుతుంది.