టెక్ సందేహాలు: ఐదు వేల ఎయిర్ ఫిల్టర్ వేస్తే పికప్ పెరుగుతుందా?

ప్రశ్న: అన్నా, నాది పెట్రోల్ స్విఫ్ట్, ఊరు తాడిపత్రి. అనంతపురంలో యాక్సెసరీస్ షాపాయన కాటన్ ఎయిర్ ఫిల్టర్ వేసుకోమంటున్నాడు, ఐదు వేల పైనే. పికప్, మైలేజ్ రెండూ పెరుగుతాయంట, కడుక్కుని ఎన్నేళ్లయినా వాడొచ్చంట. వేయించమంటావా?

జవాబు: వద్దు తమ్ముడూ. తాడిపత్రిలో ఉండి అసలే వద్దు.

ముందు మైలేజ్ సంగతి చూద్దాం. అమెరికాలో ఓక్ రిడ్జ్ నేషనల్ ల్యాబొరేటరీ వాళ్లు 2009లో మూసుకుపోయిన ఫిల్టర్లతో కార్లను టెస్ట్ చేశారు, ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో మైలేజ్ పెద్దగా మారలేదు, గాలి తగ్గితే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ పెట్రోల్ కూడా తగ్గించేస్తుంది కాబట్టి, దెబ్బ పడింది యాక్సిలరేషన్‌కే. మట్టిపట్టిన ఫిల్టర్‌తోనే తగ్గని మైలేజ్, మంచిగా ఉండే పేపర్ ఫిల్టర్ తీసి ఇంకోటి పెడితే ఎట్ల పెరుగుతుందప్పా?

పికప్ కూడా అంతే. రోజూ నడిపేటప్పుడు గాలిని ఆపేది ఫిల్టర్ కాదు, సగం మూసుకుని ఉండే త్రాటిల్, అంటే పెడల్ తొక్కితే తెరుచుకునే గాలి మూత. పెడల్ పూర్తిగా తొక్కి ఐదారు వేల ఆర్‌పీఎం దాకా లాగితే కొంచెం తేడా ఉంటే ఉండొచ్చు, మార్పులేం చేయని స్టాక్ ఇంజిన్‌లో అది మనకు తెలిసేంత కాదు. డబ్బా లేకుండా బయటికే ఉండే ఓపెన్ కోన్ టైప్ ఫిల్టర్ అయితే సౌండ్ మాత్రం బాగా వస్తుంది, చాలామంది ఆ సౌండ్‌నే పికప్ అనుకుంటారు. పైగా అది బానెట్ కింద వేడి గాలి పీలుస్తుంది, వేడి గాలిలో ఆక్సిజన్ తక్కువ, మన ఎండల్లో ఉన్న పవర్ కూడా పోతుంది.

అసలు భయం దుమ్ము. బండల పాలిషింగ్ యూనిట్లు, సిమెంట్ లారీలు, ఎర్రమట్టి, మీ ఊర్లో దుమ్ముకేం కొదవ. గాలి ఫ్రీగా పోవాలని చేసిన ఫిల్టర్లలో సన్న దుమ్ము కూడా ఎక్కువ దూరిపోయే రిస్క్ ఉంది, అది సిలిండర్‌నీ రింగుల్నీ అరగదీస్తుంది, తర్వాత ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. కడగడం కూడా ఊరికే కాదు, పూర్తిగా ఆరాక దానికి ఇచ్చే ఆయిల్ కొలతగా పట్టించాలి, తక్కువైతే దుమ్ము ఆగదు, ఎక్కువైతే లోపలికి పోయే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉండే బండ్లలో దానికి అంటుకుని రీడింగ్ తప్పొచ్చు.

కంపెనీ పేపర్ ఫిల్టర్ వందల్లోనే వస్తుంది. మాన్యువల్‌లో దుమ్ము రోడ్లకు తక్కువ కిలోమీటర్లు వేరేగా రాసుంటారు, అది చూసి మార్చుకో.

ప్రశ్న: బొలెరో డీజిల్, ఎర్రగుంట్ల. ఫిల్టర్‌కు ఎయిర్ కొట్టిస్తే చాలా, నీళ్లతో కడగాలా?

జవాబు: పేపర్‌కు నీళ్లు తగలనీయొద్దు. ఎయిర్ కొట్టిస్తే తక్కువ ప్రెషర్‌తో, లోపలి నుంచి బయటికి. లైట్‌కు పెట్టి చూడండి, ఎక్కడన్నా చిరిగి వెలుగు సూటిగా కనిపిస్తే పారేసి కొత్తది వేయండి, టర్బో బండి కాబట్టి దుమ్ము దూరితే మొదట దెబ్బ తగిలేది టర్బో రెక్కలకే.