మైకు నీ చేతికొచ్చిందని తెలిసి

నాయనా,

మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. తిరుపతిలో పార్టీ ప్రతి నెలా పెట్టబోయే బహిరంగ చర్చను నడిపే పని నీకు అప్పగించారంట. కార్యకర్తలే కాదు, ఎదుటి పార్టీవాళ్లు కూడా వచ్చి మాట్లాడొచ్చంట. మన ఇంటి పిల్లవాడికి ఆ నమ్మకం దక్కిందని సంతోషంతో చాలాసేపు నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి అందులో సగం టెన్షన్‌గా మారింది. అందుకే ఈ జాబు.

హాలుకు, మైకుకు పర్మిషన్ ముందే తీసుకో. రాత్రి పదికల్లా మైకు ఆపేయించు. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో సభ అసలే వద్దు. మంచినీళ్లు, ఆడవాళ్లకు బాత్రూమ్ చూసుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియనిది ఒకటుంది. నేను కోర్టులో ప్రాక్టీసు కొత్తగా మొదలుపెట్టి, మహిళా విభాగంలో తిరిగే రోజుల్లో పార్టీ ఇదే ఊళ్లో ఇలాంటి సభలు పెట్టేది. గుమ్మం దగ్గర చీటీల పెట్టె ఉండేది. ఎవరైనా ప్రశ్న రాసి అందులో వేయొచ్చు. సభ నడిపే పెద్దమనిషి ఆ పెట్టెను ముందే వెనక గదిలోకి తీసుకెళ్లి చీటీలు ఏరేవాడు. చెడ్డవాడు కాదు. పార్టీ పరువు పోకూడదన్నదే ఆయన ఆరాటం. ఒకరోజు ఒకావిడ చీటీ వేసింది. వాళ్ల వీధి కుళాయికి అర్ధరాత్రి దాటాక నీళ్లొస్తున్నాయి, పొద్దున్నే పనికి పోవాల్సిన ఆడవాళ్లు బిందెలు పట్టుకుని మేలుకోవాల్సి వస్తోంది, మన పార్టీ కౌన్సిలరుకు చెప్పినా పలకలేదు, దీనికి ఏమంటారు అని. మర్యాద తప్పిన మాట ఒక్కటీ లేదు. ఆయన చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. అదే చేత్తో ఇంకో చీటీ తీసి మైకులో చదివాడు. అది ఎదుటి పార్టీ తరఫున నిలబడిన ఒకావిడ నడవడి మీద, కులం మీద ఎవరో రాసిన బూతు. మగవాళ్లు ఈలలు వేశారు. మా వరసలో కూర్చున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి చెప్పులేసుకుని వెళ్లిపోయారు. కుళాయి గురించి రాసినావిడ చివరిదాకా తన చీటీ చదువుతారేమోనని చూసి, ఆ తర్వాతే లేచింది.

వెనక గదిలోకి వెళ్లి ఇదేం పద్ధతి అని గట్టిగానే అడిగాను. "ఆ బూతు మనవాళ్లను అనలేదు కదమ్మా, ఈ ప్రశ్న మనవాళ్లను అడిగింది కదా" అన్నాడు. ఇన్నేళ్లయినా ఆ మాట నా చెవుల్లోంచి పోలేదు. మాట మర్యాదగా ఉందా లేదా అని ఆయన చూడలేదు, ఎవరికి తగులుతోందో చూశాడు. మరుసటి నెల ఆడవాళ్ల కుర్చీలు ఖాళీ. ఆ కుళాయి ప్రశ్న మాత్రం ఎన్నికల నాటికి ఎదుటి పార్టీ వేదిక మీద వినిపించింది, చప్పట్లతో. అడిగింది అదే ఆవిడ. మనం వినుంటే మనింట్లో తేలిపోయే విషయం అది.

అందుకని ముందే చెప్తున్నా. బూతు ఎవరి మీదొచ్చినా ఆపు. ప్రశ్న ఎవరి మీదొచ్చినా చదువు. ఒకే చీటీలో రెండూ ఉంటే బూతు మాట వదిలేసి ప్రశ్న చదువు. లోక్‌సభలో కూడా స్పీకరు అసభ్యమైన మాటలను రికార్డుల్లోంచి తీయిస్తారు కానీ, ఆ సభ్యుడి ప్రసంగం మొత్తాన్ని చెరిపేయరు. మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ 1956 నుంచి 1962 దాకా కూర్చున్న కుర్చీ అది. ఓట్లు సమానంగా చీలితే తప్ప ఆ కుర్చీలో ఉన్నవాళ్లు ఓటు వేయకూడదని రాజ్యాంగం 100వ అధికరణంలో ఉంది. నువ్వూ అంతే. మైకు నీ చేతిలో ఉన్నంతసేపు నీ అభిప్రాయం చెప్పకు. చెప్పి తీరాలనిపిస్తే మైకు ఇంకొకరికిచ్చి కిందికి దిగి, వంతు తీసుకుని మాట్లాడు.

ఎక్కడ ఆపాలో తెలియక తికమకపడతావేమో. ఇంటర్నెట్‌లో అభ్యంతరకరంగా రాశారని జైల్లో పెట్టే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టు కొట్టేసిన శ్రేయా సింఘాల్ తీర్పు తీసి చదువు. ఒక విషయాన్ని చర్చించడం, ఎంతమందికి నచ్చకపోయినా దాన్ని సమర్థించడం వాక్‌స్వాతంత్ర్యంలోనే ఉంటాయి, రెచ్చగొట్టే దగ్గరికి చేరినప్పుడే అడ్డుకోవచ్చు అన్నారు. పార్టీ తప్పు చేసిందనడం రెచ్చగొట్టడం కాదు. ఫలానావాళ్ల ఇళ్ల మీద పడదాం రండి అంటే అక్కడే మైకు కట్టేయించు. ఎస్సీ, ఎస్టీలను కులం పేరుతో నలుగురిలో అవమానిస్తే 1989 నాటి చట్టం కింద కేసవుతుంది, అక్కడ మొహమాటం పనికిరాదు. ఏ చీటీ పక్కన పెట్టినా, ఎందుకు పెట్టావో మినిట్స్ పుస్తకంలో రాసి, రాసిన మనిషికి ఆ రోజే చెప్పు. చీటీలు వెనక గదికి పోకూడదు. అందరి ముందే పెట్టె తెరువు.

నా అసలు భయం నీ మెత్తదనం మీద. పెద్దవాళ్లు గొంతు పెంచితే చిన్నప్పటి నుంచీ తలొంచుతావు. సభకు ముందు రోజు ఎవరో ఒక నాయకుడు ఫోన్ చేసి "ఫలానావాడికి మైకివ్వొద్దు" అంటాడు, తప్పకుండా అంటాడు. అప్పుడు "సరే అన్నా" అన్నావంటే నీతో నేను మాట్లాడను. "మీరే వచ్చి అతనికి జవాబు చెప్పండన్నా, మీకూ అంతే టైమిస్తా" అను. ప్రశ్న అడగడం ఫిరాయింపు అని బెదిరించేవాళ్లూ ఉంటారు. 1985లో వచ్చిన ఆ చట్టం చట్టసభల సభ్యులకు, మామూలు కార్యకర్తకు కాదు. ఆ పదవి తీసేస్తారేమోనని భయపడకు నాయనా. పోతే పోనీ. నువ్వు ఎనిమిదో తరగతిలో హెడ్‌మాస్టరు ముందు నిలబడి మధ్యాహ్న భోజనంలో పురుగులున్నాయని చెప్పి వచ్చిన రోజు నిన్ను ఎంత ముద్దు చేశానో గుర్తుందా? ఆ పిల్లవాడి మీదే నా నమ్మకం.

నియమాల కాగితం ఒక పేజీ దాటనివ్వకు. ఆదివారం ఇంటికి తీసుకురా, కలిసి చూద్దాం, భోజనం కూడా ఇక్కడే. మొదటి సభకు నేనూ వస్తాను. మన పార్టీ కౌన్సిలర్ల పని మీద నాకు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అత్తను కదా అని ముందు పిలవకు. చీటీ వేసి నా వంతు వచ్చేదాకా కూర్చుంటాను.

మీ అత్త