ఆస్ట్రేలియా వాళ్ళు తమ పూర్వీకులు ఖైదీలని చెప్పుకోవడానికి సిగ్గుపడతారా?

సిగ్గా? టీ ఇచ్చి కూర్చోబెట్టి మరీ చెబుతారు. సిడ్నీలో పదకొండేళ్ళుగా చూస్తున్నాను. అలాగని అందరూ ఖైదీల సంతతేం కాదు. 1788 నుంచి 1868 దాకా బ్రిటిష్ వాళ్ళు ఓడల్లో తెచ్చి దింపింది దాదాపు 1,62,000 మందిని. అడిలైడ్ వైపైతే నేరుగా దింపనే లేదు, ఆ గొప్పని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మా పక్కింటి పెద్దాయన ఓసారి మాటల్లో "మావాడు కోటు దొంగ" అన్నాడు. మనవడి గురించేమో అనుకున్నాను. లోపలికెళ్ళి ప్లాస్టిక్ కవర్లో జిరాక్సు కాగితం తెచ్చాడు. 1833లో ఓడ దిగినప్పుడు రాసుకున్న వివరాలు. వయసు 19, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, మొహాన స్ఫోటకం మచ్చలు, ఎడమ చేతి మీద లంగరు పచ్చబొట్టు, శిక్ష ఏడేళ్ళు. పచ్చబొట్టు దగ్గర వేలు ఆపి, తన చొక్కా చెయ్యి పైకి మడిచాడు. అక్కడే అదే లంగరు! డెబ్బయ్యో పుట్టినరోజుకి వేయించుకున్నాడట.

ఏడేళ్ళ శిక్షలో నాలుగేళ్ళు బుద్ధిగా ఎవరి పొలంలోనో చాకిరీ చేస్తే 'టికెట్ ఆఫ్ లీవ్' ఇచ్చేవారు. దాంతో ఆ జిల్లాలో సొంతంగా పని చూసుకోవచ్చు. శిక్ష తీరాక తిరుగు ఓడ ఖర్చు మాత్రం ఎవరిది వాళ్ళే పెట్టుకోవాలి. కోటు దొంగిలించినవాడికి ఆ డబ్బెక్కడిది? ఉండిపోయాడు. మాజీ ప్రధాని కెవిన్ రడ్ పూర్వీకురాలు మేరీ వేడ్ కూడా అలా వచ్చిందే. లండన్‌లో ఇంకో చిన్నపిల్ల బట్టలు లాక్కుందని ముందు ఉరిశిక్ష వేసి, తర్వాత ఓడెక్కించి పంపితే 1790లో ఇక్కడికి చేరింది. ఒకప్పుడు ఇవన్నీ దాచేవాళ్ళేనట. మా పెద్దాయన నాయనమ్మ ఆ కోటు దొంగ పేరు ఇంట్లో ఎత్తనిచ్చేది కాదు.

నా ఏడుపు వేరు. "మరి మీవాళ్ళెవరు?" అని అడిగాడాయన. గోత్రం చెప్పాను. తద్దినంలో మూడు తరాల పేర్లు గడగడా చెబుతాను. నాలుగోది అడిగితే మా బాబాయికీ తెలీదు. కిందటిసారి ఇండియా వచ్చినప్పుడు పాత కరణం లెక్కల కోసం ఓ ఆఫీసు చుట్టూ మూడు రోజులు తిరిగాను. చెదలు తినేశాయన్నారు, అదీ భోజనం నుంచి తిరిగొచ్చాక. ఎప్పటిదో ఋషి పేరు తెలుసు, ముత్తాత తండ్రి పేరు తెలీదు. పాపం ఆయన ఏ కోటూ దొంగిలించలేదు, ఇక ఎత్తు కొలిచి రాసిపెట్టేదెవరు?

మొన్న చెత్తడబ్బా బయట పెడుతుంటే పెద్దాయన మళ్ళీ కనిపించి, "నాలుగో పేరు దొరికిందా?" అన్నాడు.